వంతెన మీద పడుగు

వంతెనను కొలిచేవాళ్లు వస్తున్నారని తెలియగానే మా నాయన దాన్ని కడిగించాడు. నేనూ అమ్మా వీధిలోని మరికొందరు ఆడవాళ్లూ బిందెలతో నీళ్లు మోశాం. ఏళ్ల తరబడి సిమెంటు మీద పడి, ఎండి, పొలుసులు కట్టిన గంజి మరకలను కొబ్బరి పీచుతో రుద్దాం. గుంజలు నిలపడానికి పిట్టగోడ పక్కన చేసుకున్న బెజ్జాలను నాయన తడిమట్టితో పూడ్చి, పైన బొటనవేలితో నున్నగా అదిమాడు. తప్పు ఆనవాళ్లు చెరిపేవాడి చేతుల్లో ఒక తొందర, ఒక జాగ్రత్త ఉంటాయి. ఆ రోజు ఆయన చేతుల్లో అవి చూశాను. ఆయన చేసిన తప్పల్లా అక్కడ పడుగులు సాచడం.

మాది నగరి పట్నానికి దగ్గరలో నేతవాళ్ల వీధి. వీధి ఒక కొస వరద కాలువ దగ్గర ఆగుతుంది. కాలువ మీది పాత వంతెన వీధితో సమానమైన ఎత్తులోనే ఉండేది. వీధినీ వంతెననూ కలిపితే ఒక పడుగుకు సరిపడే పొడవు వచ్చేది. మగ్గం ఎక్కించే ముందు పడుగు నూలును నిలువునా సాచి, గంజి పూసి, ఇద్దరిద్దరు చెరో పక్కా నిలబడి పెద్ద కుంచెలతో దువ్వుతూ ఆరబెట్టాలి. పోగూ పోగూ అంటుకోకూడదు. ఎండ ముదరకముందే పని అయిపోవాలి. వీధిలో సగం చోటును స్కూటర్లూ ఆటోలూ తినేసిన తర్వాత కూడా వంతెన మాకు మిగిలింది. దాని మీద కాలువ గాలి ఉండేది. మా ఇంట్లో గుంట మగ్గం ఆ గాలితోనే ఇన్నాళ్లూ నడిచింది.

ముందేటి నవంబరు వానకు తుమ్మ కంపలూ చెత్తా వచ్చి ఆ వంతెన కింద ఇరుక్కున్నాయి. నీళ్లు వెనక్కి తన్ని వీధిలోకి వచ్చాయి. మగ్గం గుంటలో నడుముల్లోతు నిలిచాయి. ఆ తర్వాతే, కాలువను వెడల్పు చేస్తామనీ, దాని మీద వంతెనలన్నీ పడగొట్టి ఎత్తుగా, వెడల్పుగా కడతామనీ ప్రభుత్వం ప్రకటించింది. మా వీధి వాళ్లు టపాకాయలు కాల్చారు. ముందుగా మా వంతెనే అన్నారు.

జీపులోంచి దిగినవాళ్లలో వయసులో చిన్నవాడు బాలచంద్ర. కాలువల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరు. మర్యాద తెలిసిన మనిషి. నాయనను చూసి తనే ముందు నమస్కారం పెట్టాడు.

“ఈ బ్రిడ్జిని ఎవరెవరు వాడతారు పెద్దాయనా?”

నాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “బండ్లు పోతాయి సార్. మనుసులు పోతారు. గొడ్లు పోతాయి.”

“ఇంకేమన్నా? సంత పెట్టడం, పందిళ్లు వేయడం, అట్లాంటివి?”

“అట్లాంటివేమీ లేదు సార్. మాకేం పని దీని మీద.”

నా వెనకాల రాజారత్నం గొంతు తగ్గించి, “కడిగినోళ్లు సాంబ్రాణి కూడా ఏసుంటే బాగుండు గదమ్మా,” అన్నాడు. రాజారత్నం మా పక్కింటాయన. పడుగుకు అటువైపు నిలబడి నాయనతో కలిసి కుంచె పట్టే మనిషి. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వును ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

జీపు వెళ్లిపోయాక నాయనను అడిగాను. “ఎందుకు చెప్పలేదు?”

“గవర్మెంటుది గదా పాపా. మనం వాడుకుంటాండామని తెలిస్తే వద్దంటారు. తెలీకుంటే అట్నే జరిగిపోతాది.”

దీని గురించి నేను చాలా ఆలోచించాను. లారీల వాళ్ల బూతులు, ఎప్పుడో ఒక పోలీసు లాఠీతో పడుగును గుచ్చి “ఏందిది, మీ అబ్బ రోడ్డా” అనడం, పాల వ్యానుకు దారి ఇవ్వడానికి తడి పడుగును ఎత్తి పట్టుకుని నిలబడడం: ఇవన్నీ ఆయనలో పొరలు పొరలుగా చేరి ఉంటాయి. చివరికి తన పని తనకే దొంగతనంలాగా కనబడింది. అడిగి తెచ్చుకున్నది ఏదీ లేని మనిషి, ఉన్నది పోకుండా ఉండాలంటే అడగకుండా ఉండడమే దారి అనుకుంటాడు. ఆయనకు ఈ పాఠం నేర్పిన వాళ్లెవరికీ ఏ నష్టమూ జరగలేదు. అది బాగా నేర్చుకున్నందుకు నష్టం మాకు వచ్చింది.

ఎండలు ముదిరేసరికి పాత వంతెన లేదు. కాలువ మూడింతలు వెడల్పయింది. వంతెన కింద పేర్చడానికి ఫ్యాక్టరీలో పోసిన సిమెంటు పెట్టెలు పెద్ద లారీల మీద వచ్చాయి. వానలు పడేలోగా అయిపోవాలని పని పరుగెత్తింది. అటూ ఇటూ పోవడానికి తూములు పరిచి మట్టి దారి వేశారు. టిప్పర్లు రేపే ఎర్రదుమ్ము అన్నం మీద, మగ్గం మీద, అమ్మ కనురెప్పల మీద పడింది. ఆ దుమ్ములో పడుగు సాచడం కుదరదు కనుక వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. కొందరు నగరిలో మరమగ్గాల దగ్గర షిఫ్టులకు పోయారు. మా తమ్ముడు సురేంద్ర శ్రీ సిటీలో ఒక కంపెనీలో చేరాడు. నూలిచ్చి మాతో బట్ట నేయించుకునే షావుకారు వేసవి మొదట్లో ఇచ్చిన పడుగు ఒకటి మా అటక మీద ఉండిపోయింది.

“వంతెన అయినాంక సాస్తాము,” అనేవాడు నాయన, ఎవరూ అడక్కపోయినా.

వంతెన ఎత్తు పెరిగింది కనుక దాని మీదికి ఎక్కే దారి కూడా ఎత్తు పెరగాలి. ఆ ఏటవాలు మా వీధి మధ్యలో మొదలైంది. రెండు పక్కలా గోడలు లేచాయి. మా గడపకు ఎదురుగా లేచిన గోడ మొదట మోకాలి ఎత్తు, తర్వాత నడుము ఎత్తు, చివరికి మనిషి ఎత్తయింది. గోడకూ గడపకూ మధ్య ఒక సైకిలు పట్టేంత సందు మిగిలింది. ఎదురింటి చంద్రకాంతమ్మతో అమ్మకు రోజూ పొద్దున మాట్లాడే అలవాటు. ఇప్పుడు మనిషి కనబడదు. గోడ మీదుగా అరవాలి.

“ఏం కూరొదినా?”

“సిమెంటు పులుసొదినా. నీదేంది?”

“కంకర తాలింపు.”

ఇద్దరూ నవ్వేవాళ్లు. నాకు ఆ నవ్వు భరించరాకుండా ఉండేది. మా వీధిని ఎవరూ చూడలేదని అనడానికి లేదు. టేపులతో కొలిచారు, ముక్కాలి పీటల మీద దుర్భిణీలు పెట్టి చూశారు, డ్రోను ఎగరేసి పైనుంచి ఫొటోలు తీశారు. ఇన్ని కళ్లు ఇంత శ్రద్ధగా చూసిన తర్వాత కూడా గోడ సరిగ్గా మా వాకిళ్ల ముందే లేచింది. చూడనివాడి మీద వచ్చే కోపం వేరు. చూసి, కొలిచి, కాగితం మీద సరిపోయిందని తృప్తి పడినవాడి మీద వచ్చే కోపానికి ఎక్కడా ఆగే చోటు లేదు.

ఒక సాయంత్రం నాయనా రాజారత్నమూ ఆ ఏటవాలు మీద నిలబడి ఉన్నారు. నేను ట్యూషను పిల్లలను పంపేసి వాళ్ల దగ్గరికి వెళ్లాను. నాయన కింది కొస నుంచి పైకి, పై నుంచి కిందికి చూస్తున్నాడు.

“సగం ఈడ, సగం వంతెన మీద ఏస్తే?” అన్నాడు.

“అన్నా, దోసె పెనం ఒక పక్క వంచి పిండి పోస్తే ఏమైతాది?” అన్నాడు రాజారత్నం.

“కొంచెం గంజి చిక్కంగా కాస్తే?”

“ఇడ్లీ పిండి పోసుకో అయితే.”

నాయన నవ్వలేదు. ఆ ఏటవాలును ఆయన చూస్తున్నాడు కానీ, అది ఆయన మనసులోకి పోవడం లేదు. దాన్ని లోపలికి రానిస్తే ఆ తర్వాత ఏం చేయాలో ఆయనకు తెలియదు.

మరునాడు నేను బాలచంద్ర దగ్గరికి వెళ్లాను. కాలువ గట్టున రేకుల గదిలో కూర్చుని ఉన్నాడు. నా ఫోనులో ఒక పాత ఫొటో ఉంది. పొద్దుటి మంచులో వంతెన ఈ కొస నుంచి ఆ కొస దాకా తెల్లగా పడుగు, దాని మీదికి వంగి కుంచె లాగుతున్న నాయన. చూపించాను. ఆయన రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

“ఎప్పుడు తీసింది?”

“పోయినేడు, ఉగాదికి ముందర.”

“మేం వచ్చినప్పుడు ఏమీ లేదన్నారే మీ నాన్నగారు.”

“భయపడినారు సార్.”

“దేనికి?”

ఆయన ఎగతాళికి అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. తను నిలబడిన నేలను గురించి ఎన్నడూ భయపడవలసిన అవసరం రాని మనిషికి ఆ భయాన్ని ఏ మాటల్లో చెప్పాలి?

“ముందే చెప్పుంటే వీధి వైపు ఏదో ఒకటి ఆలోచించేవాళ్లం మేడం. ఇప్పుడు ఎత్తు తగ్గించడం కుదరదు.”

“ఎత్తు తగ్గించమని రాలేదు సార్. వరద వచ్చింది మా గుంటలోకే. గట్టు మీద కొత్తగా రోడ్డు ఏస్తా ఉండారు గదా, మట్టంగా. పొద్దున్నే, ఎండెక్కేదాకా దాని మీద పడుగు సాచుకోనిస్తే చాలు.”

“అది ఇన్‌స్పెక్షన్ రోడ్డు. మా బండ్లు పోవడానికి.” ఫోను నాకు తిరిగి ఇచ్చాడు. “నా చేతిలో లేదు. కానీ ఈ ఫొటో నాకు పంపండి. పైకి పంపిస్తాను.”

పంపాను. కోపానికి ఒక ముఖం కావాలి. నాకు దొరికిన ముఖం మంచిది. టీ తాగమన్నది, కుర్చీ వేసింది, నేను చెప్పింది చివరిదాకా విన్నది. దాని మీదికి కోపం ఎక్కక, అది తిరిగి నా కడుపులోకే వచ్చి కూర్చుంది.

వానాకాలం మొదట్లో బాలచంద్ర తనే మా ఇంటికి వచ్చాడు. గోడ పక్క సందులో ఒంటి భుజంతో నడిచి గడప దగ్గర నిలబడ్డాడు.

“మీ ఫొటో అందరికీ నచ్చింది మేడం,” అన్నాడు సంతోషంగా. “జిల్లా ఆఫీసులో పెద్ద తెర మీద వేసి చూపించారంట. ప్రారంభోత్సవం రోజు మీ వాళ్లు కొత్త బ్రిడ్జి మీద పడుగు సాచాలంటున్నారు. ముఖ్య అతిథి కూడా వచ్చి కుంచె పడతారు. బ్రిడ్జికి పేరు కూడా అనుకున్నారు, నేతన్నల వారధి.”

“మరి గట్టు రోడ్డు?” అన్నాను.

“అది తర్వాత చూద్దాం. ముందు ఇది కానీయండి.”

నాయన నా వైపు చూడకుండా, “అట్నే సార్,” అన్నాడు.

బాలచంద్ర వెళ్లాక రాజారత్నం గోడ ఎక్కి కూర్చుని పోట్లాడాడు. “ఏందన్నా, ఆ జారుడుబండ మీద పడుగా? నేను రాను.”

“పెద్దోళ్లు పిలిచినప్పుడు పోకుంటే, రేప్పొద్దున గట్టు అడిగేదానికి నోరుండాల గదరా.”

“పోయినా ఉండదు.”

“ఒకసారి వాళ్ల కండ్లతో చూస్తే తెలుస్తాది. ఈ పని యాడ చేస్తారో, ఎట్ల చేస్తారో. చూసినోడు కాదంటాడా?”

జీవితంలో మొదటిసారి నాయన తన పనిని చూపించడానికి ఒప్పుకున్నాడు. అది నాకు ఎంత ఆనందం కలిగించిందంటే, తక్కినవన్నీ మరిచిపోయాను. అటక మీది పడుగు దించాం. మా ఇంట్లో ఉన్నది అదొక్కటే.

ప్రారంభోత్సవం పొద్దున్నే అన్నారు. చీకటి వీడేసరికి పడుగు వంతెన మీద ఉంది. కింది కొస ఏటవాలు మీద, పై కొస వంతెన నడుమ. రెండు పక్కలా రంగు రంగుల తోరణాలు. వంతెన మొదట్లో పెద్ద ఫ్లెక్సీలో నా ఫోను ఫొటో, అందులో నాయన ఇద్దరు మనుషుల ఎత్తున ఉన్నాడు. అమ్మ గంజి కాచి వేడిగా తెచ్చింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న ఏర్పాట్లాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“సార్ వచ్చేదాకా పుయ్యొద్దు. సార్ వచ్చినాంకనే స్టార్ట్.”

“ఎండెక్కితే పోగులు ఎండిపోతాయి సార్,” అన్నాడు నాయన.

“వస్తా ఉండారు. దారిలో ఉండారు.”

ఎండెక్కింది. గంజి చల్లారి తెట్టు కట్టింది. అమ్మ ఇంటికి పోయి మళ్లీ కాచి తెచ్చింది. అదీ చల్లారింది. మైకులో పాటలు మోగుతూనే ఉన్నాయి. షామియానా కింద కుర్చీలు నిండాయి, ఖాళీ అయ్యాయి, మళ్లీ నిండాయి. వంతెన సిమెంటు కాలసాగింది. నాయనా రాజారత్నమూ చెప్పులు లేకుండా నిలబడి కాళ్లు మార్చుకుంటూ ఉన్నారు.

“అన్నా, ఇంక కొంచేపుంటే మనమే ఏగిపోతాము,” అన్నాడు రాజారత్నం.

కార్లు వచ్చేసరికి పొద్దు నడినెత్తికి దగ్గరపడింది. అంతా ఒక్కసారిగా జరిగింది. గంజి పూయమన్నారు, పూశారు. అది ఏటవాలు వెంట కిందికి జారింది. పై కొసలో పోగులు పూసినవి పూసినట్టే ఎండి కట్టెల్లా బిరుసెక్కాయి. కింది కొసలో గంజి కుప్పగా నిలిచి ధారగా కారింది. ముఖ్య అతిథి చేతికి కుంచె ఇచ్చారు. పోగుల వెంట లాగవలసినదాన్ని ఆయన పడుగుకు అడ్డంగా లాగాడు. “ఇంకోసారి సార్, ఇటు చూస్తా,” అన్నారు ఫొటోల వాళ్లు. ఆయన ఇటు చూస్తూ ఇంకోసారి లాగాడు. పోగులు తెగిన చప్పుడు నాకు వినబడింది. బహుశా వినబడి ఉండదు, ఆ మైకులో అది అసాధ్యం. నాయన ముఖం చూసి నేనే విన్నాననుకుని ఉంటాను.

నాయన నవ్వుతూ ఉన్నాడు. ఆ నవ్వును నేను ఎన్నో రాత్రులు విప్పి చూసుకున్నాను. దెబ్బ తగిలిన చోటును పక్కవాళ్లు చూడకుండా చేత్తో మూసుకోవడం ఒకటుంటుంది. ఆయన ముఖంతో ఆ పని చేస్తున్నాడు.

చప్పట్లు కొట్టారు. ముఖ్య అతిథి కారెక్కి వంతెన దాటి పక్క ఊరికి పోవాలి. పడుగు అడ్డం ఉంది. “తీసేయండి, తీసేయండి, బండ్లు పోవాల,” అన్నాడు నల్ల కళ్లద్దాలాయన. నాయన నోరు తెరిచేలోపల పోలీసులూ కుర్రకారూ కలిసి తడి పడుగును ఎత్తి, మడతలు పెట్టి పక్కన పడేశారు. కార్లు ఒకదాని వెనక ఒకటి పోయాయి. నాయన పిట్టగోడకు ఆనుకుని అవి పోయేదాకా నిలబడ్డాడు.

ఇంటికి తెచ్చి విప్పితే పడుగు పడుగులా లేదు. పోగులన్నీ కలిసి అట్టలు కట్టాయి. అమ్మ గడపలో కూర్చుని గోళ్లతో ఒక్కొక్క పోగూ విడదీయడానికి చూసింది. విడివడిన చోటల్లా తెగింది. సాయంత్రం రాజారత్నం వచ్చి, ఆ అట్టలను ఎత్తి చూసి, “అట్నే వాకిలికి కట్టుకుంటే తడిక మాదిరి పనికొస్తాదన్నా,” అన్నాడు. నాయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే ఉన్నాడు. అమ్మ లేచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని, “సాల్లేయ్యా,” అంటే అప్పుడు ఆపాడు.

షావుకారు నాయనను తిట్టలేదు. ఇంకో పడుగు కూడా ఇచ్చాడు. “ఇదే కడాసారి తులసీరాం,” అన్నాడట. “సాచేదానికి చోటు చూసుకో. ఇది కూడా పాడైతే ఇంక మరమగ్గాలకే ఇచ్చుకుంటాను. నన్ను తప్పు పట్టొద్దు.”

నాయన తెల్ల పంచె కట్టుకుని నన్ను వెంటబెట్టుకుని బాలచంద్ర దగ్గరికి వెళ్లాడు. గట్టు రోడ్డు అప్పటికి పూర్తయింది. నల్లగా, చక్కగా, కాలువ వెంట చూపు ఆనేంత దూరం మట్టంగా ఉంది. దాని మొదట్లో అడ్డ కమ్మీ ఇనుప గేటు పెట్టి తాళం వేశారు. ప్రవేశం లేదని బోర్డు.

“పొద్దున పూట ఒక్కరవ్వ సేపు సార్,” అన్నాడు నాయన. “మీ బండి వస్తే తీసేస్తాము.”

“ఒకరికి ఇస్తే రేపు ఇంకొకరు గొర్రెలు తోలుకొస్తారు పెద్దాయనా. రూలు అది. అడిగి చూశాను, కుదరదన్నారు.” బాలచంద్ర నిజంగానే ఇబ్బంది పడ్డాడు. “మీ కోసం బ్రిడ్జికి పేరే పెట్టించాం కదా. ఈ కాలువ మీద ఇంకే బ్రిడ్జికీ పేరు లేదు.”

“చోటడిగితిమి సార్,” అన్నాడు నాయన. “పేరిచ్చినారు.”

గొంతు పెంచలేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అన్నాడు. బాలచంద్ర బల్ల మీది పెన్నును అటూ ఇటూ జరిపాడు. నేను ఏదో గట్టిగా అనాలనుకున్నాను. నాయన అప్పటికే లేచి బయటికి నడిచాడు.

ఆ తర్వాత వానలు. తుఫాను వచ్చి కదలకుండా కూర్చుంది. కాలువ రెండు గట్లూ ఒరుసుకుంటూ పారింది. మా వీధిలోకి ఒక్క చుక్క రాలేదు. ఆ మాట దాచడం నాకు చేతకాదు. కొత్త వంతెన కింద నీళ్లు ఎక్కడా ఆగకుండా పోయాయి. శ్రీ సిటీ బస్సు ఇప్పుడు వంతెన దాటి మా వీధి మొదటికే వస్తోంది. సురేంద్ర వానలో తడవకుండా ఎక్కుతున్నాడు. ఇది మంచి వంతెన. నన్ను నిద్రపోనివ్వనిది ఆ మంచితనమే. చెడ్డగా కట్టి ఉంటే అందరూ మాతో కలిసి తిట్టేవాళ్లు. ఇంత బాగా కట్టినవాళ్లకు, పక్కనే ఖాళీగా పడి ఉన్న రోడ్డును పొద్దున కాసేపు ఇవ్వడం ఎందుకు చేతకాలేదు? పొడిగా ఉన్న గుంట పక్కన, మగ్గం మీద చేతులు పెట్టుకుని, నాయన ఊరికే కూర్చునేవాడు. ముసురుకు అటక మీది నూలు చెమ్మగిల్లుతుందని రోజుకొకసారి నిచ్చెన వేసి ఎక్కి తడిమి చూసేవాడు. షావుకారు రెండుసార్లు మనిషిని పంపాడు.

తుఫాను తేలిపోయిన మొదటి పొద్దున ఆకాశం కడిగినట్టు ఉంది. నేను లేచేసరికి నాయన అటక మీది నుంచి పడుగు దించేశాడు. గుంజలు, మోకులు వాకిట్లో ఉన్నాయి. అమ్మ పొయ్యి మీద గంజి కలుపుతోంది.

“యాడికి నాయనా?”

“గట్టు మీదికి.”

రాజారత్నం కళ్లు నులుముకుంటూ వచ్చాడు. “గేటుకు తాళముండాదే అన్నా.”

“తాళం జీపులకు. మనం వంగి పోతాము.”

రాజారత్నం ఆయన ముఖంలోకి చూశాడు. గుంజలు భుజాన వేసుకున్నాడు. చంద్రకాంతమ్మ ఇంటాయన కూడా గోడ చుట్టూ తిరిగి వచ్చి ఒక కుంచె తీసుకున్నాడు. రెండో జతలో ఎప్పుడూ సురేంద్ర ఉండేవాడు. ఈ వేళకు వాడు బస్సులో ఉంటాడు.

“పాపా,” అన్నాడు నాయన, “నువ్వు పట్టు.”

గేటు కమ్మీ కింద నుంచి పడుగును చేతులు మార్చుకుంటూ అటువైపు చేర్చాం. సాచాం. ఎక్కడా వంపు లేదు. కాలువ గాలి తగిలి పోగులు వణికాయి. అమ్మ గంజి అందించింది. నాయన ముందు నడుస్తూ పూశాడు, వెనకాలే కుంచెలు కదిలాయి. నా చేతులకు అలవాటు లేదు. కాసేపటికి భుజాలు పట్టేశాయి. నాకు ఎదురుగా ఉన్న చంద్రకాంతమ్మ ఇంటాయన, “మెల్లింగ, మెల్లింగ. పిల్లకు తల దువ్వినట్టు,” అన్నాడు.

గేటు తెరుచుకున్న చప్పుడు వినబడింది. వాన తర్వాత గట్టు చూడడానికి వచ్చిన జీపు. ముందు సీటులో ఎవరో పెద్దాఫీసరు. వెనక బాలచంద్ర. డ్రైవరు హారను కొట్టాడు, మళ్లీ కొట్టాడు. రాజారత్నం కుంచె ఒక్క క్షణం ఆగింది. నాయనది ఆగలేదు.

బాలచంద్ర దిగి పరుగులాంటి నడకతో వచ్చాడు. నన్ను చూశాడు, నాయనను చూశాడు. “పెద్దాయనా, ఏం పని ఇది? బండిలో మా పెద్దసారు ఉన్నారు. తీసేయండి.”

“తడిగా ఉండాది సార్,” అన్నాడు నాయన, కుంచె లాగుతూనే.

“సార్ కొస దాకా పోవాలి.”

“పోనీండి. పక్కన దారి ఇడిసినాను.”

“జీపు ఎట్లా పడుతుంది అందులో?”

నాయన కుంచెను పడుగు కొస దాకా లాగి, నడుము నిటారుగా చేసి, ఆయన ముఖంలోకి చూశాడు.

“జీపు పట్టదు సార్. మనిసి పడతాడు. దిగి నడవమనండి.”

బాలచంద్ర వెనక్కి తిరిగి జీపు వైపు చూశాడు. కొంతసేపటికి జీపు ఇంజను ఆగింది. తర్వాత తలుపు తెరుచుకుంది. రోడ్డు మీద బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. ఆ వచ్చేది తిట్టడానికో, నడిచి దాటిపోవడానికో నాకు తెలియదు. తలెత్తి చూడాలనిపించింది. నా వైపు పోగులు ఇంకా ఆరలేదు. కుంచె ఆపకుండా లాగాను.